ధ్రువాల మంచును పైనుంచి కొలవాలంటే ఏ ఉపగ్రహం తీసుకోవాలి?

పోయిన నెల ఒక ఆదివారం మత్తికెరెలోని మా గదికి అనంతపురం కుర్రాడొకడు వచ్చాడు. ఇక్కడే బెంగళూరులో ఎంటెక్ చేస్తున్నాడు. కూర్చోకముందే అడిగాడు: "అన్నా, టాపిక్ ఖాయమైంది. అంటార్కిటికాలో మంచు ఎంత పేరుకుంటుందో శాటిలైట్ డేటాతో కొలవాల. ఏ శాటిలైట్ తీసుకోమంటావు?"

"ఎక్కడి మంచు? ఏ ఏడాదిది? ఎంత మేర?" అన్నాను. వాడి దగ్గర జవాబు లేదు. చాలామంది తడబడేది ఇక్కడే. ముందు ఉపగ్రహాన్ని పట్టుకుంటారు, దానికి తగ్గ ప్రశ్న తర్వాత వెతుక్కుంటారు. నేనూ అలాగే మొదలుపెట్టి నెలల తరబడి పని పోగొట్టుకున్నాను. ఆ మధ్యాహ్నం వాడికి చెప్పినవే, ఇదే పనికి దిగబోతున్న మిగతావాళ్ల కోసం కాస్త సర్ది రాస్తున్నాను.

ఒక్క సంగతి ముందే చెప్పాలి. పేరుకున్న మంచును ఏ ఉపగ్రహమూ నేరుగా కొలవదు. ఒకటి ఎత్తు కొలుస్తుంది. ఒకటి బరువు పసిగడుతుంది. ఒకటి మంచులోంచి సహజంగా వెలువడే మైక్రోవేవ్‌లను వింటుంది. ఇంకొకటి మేఘంలోంచి పడుతున్న రేణువులను చూస్తుంది. అక్కడినుంచి "ఈ ఏడాది ఇక్కడ ఇన్ని మిల్లీమీటర్లు" అనే అంకెకు రావాలంటే మధ్యలో మనం ఏదో ఒకటి అనుకోక తప్పదు. ఆ అనుకున్నది మీ చోట నిజమో కాదో సరిచూసుకునే వీలు ఏ పద్ధతిలో ఉందో, అది మీ పద్ధతి. రిజల్యూషన్, డేటా సైజు, గైడ్‌గారి ఇష్టం, ఇవన్నీ దాని తర్వాతే.

పడింది వేరు, నిలిచింది వేరు

వాన ఎంత పడిందని సీమ రైతును అడిగితే మిల్లీమీటర్లలో చెప్పడు. "జానెడు పదునైంది" అంటాడు. వాగులో పారిపోయిన నీళ్లు, ఎండకు ఆరిపోయిన తడి ఆయన లెక్కలోకి రావు. నేలలో దిగి నిలిచిందే లెక్క. అక్యుమ్యులేషన్ అన్నా అదే. పడిన మంచులోంచి గాలి ఎత్తుకుపోయింది, నేరుగా ఆవిరైంది, కరిగి కారిపోయింది తీసేస్తే మిగిలేది. అంటార్కిటికాలో ఎత్తైన నడిభాగం నుంచి తీరానికి దిగే చల్లగాలులు కొన్నిచోట్ల మంచును అసలు నిలవనివ్వవు. అక్కడ కింద ఉన్న నీలి ఐస్ బయటికి కనిపిస్తూ ఉంటుంది. హిమపాతం మాత్రమే చూపించే పద్ధతి అక్కడ పెద్ద అంకె ఇచ్చినా, నేలమీద నిలిచింది సున్నా కావచ్చు.

తెలుగులో మనకు ఇంకో చిక్కు ఉంది. తెల్లవారుజామున గడ్డిమీద ఉండేదీ మంచే, దారి కనిపించకుండా కమ్ముకునేదీ మంచే, హిమాలయాల మీద ఉండేదీ మంచే. ఈ పనిలో అలా కలిపేస్తే లెక్క చెడిపోతుంది. అందుకే ఇక్కడ రాలిపడినదాన్ని మంచు అంటాను, గట్టిగా రాయిలా మారినదాన్ని ఐస్ అంటాను. ఏళ్ల తరబడి పైబరువుకు అణుగుతూ మంచుకూ ఐస్‌కూ నడుమ ఉండేదాన్ని ఫర్న్ అంటారు. అంటార్కిటికా పైపొర మంచు సాంద్రత సాధారణంగా ఘనపు మీటరుకు 300 నుంచి 400 కిలోలు. ఐస్ 917 కిలోలు. ఈ రెండంకెల మధ్య దూరమే ఈ పనిలోని సగం తలనొప్పి.

వాడికి అది మాటల్లో ఎక్కలేదు. మా గదిలోది పాత సింగిల్ డోర్ ఫ్రిజ్. ఫ్రీజర్ గోడలకు వేలెడు మందాన మంచు కట్టి ఉంది. చెంచాతో గీకి, నొక్కకుండా స్టీలు గ్లాసు అంచుదాకా నింపించాను. రెండో గ్లాసులో చెంచా వెనకతో బాగా కూరి నింపించాను. కాఫీ తాగి, కాసేపు మాట్లాడుకుని వచ్చేసరికి రెండూ కరిగాయి. మొదటి గ్లాసులో అడుగున కొద్దిగా నీళ్లున్నాయి. రెండో దాంట్లో సగం దాటాయి. గ్లాసులు రెండూ ఒకటే, ఎత్తు ఒకటే. "అంటే ఎత్తు చూసి చెప్పకూడదా అన్నా?" అన్నాడు. చెప్పొచ్చు, కానీ ఎంత కూరి ఉందో తెలిస్తేనే. అందుకే ఈ రంగంలో అంకెలన్నీ కరిగిస్తే వచ్చే నీటి మిల్లీమీటర్లలో రాస్తారు.

మొత్తం కావాలా, మార్పు కావాలా?

ఎంపికలో మొదటి మలుపు ఇదే. దీన్ని చాలామంది చూసుకోకుండా దాటిపోతారు.

బెంగళూరు అపార్ట్‌మెంట్‌లో సంపు ఉంటుంది. వేసవిలో ట్యాంకర్లు వస్తూనే ఉంటాయి, పై ఇళ్లవాళ్లు వాడుతూనే ఉంటారు. నెల మొదట, నెల చివర మట్టం ఒకేచోట ఉందనుకోండి. ట్యాంకర్లు ఎన్ని వచ్చాయో మట్టం చూసి చెప్పగలరా? ధ్రువాల నేలను కప్పిన ఐస్ దుప్పటి, అంటే ఐస్ షీట్, కూడా అంతే. పైన మంచు పడుతుంది, కింది పొరలు అణుగుతాయి, ఐస్ మెల్లగా సముద్రం వైపు జరిగిపోతుంది. రాకా పోకా సమానమైతే ఏటా మంచు పడుతున్నా ఉపరితలం ఎత్తు మారదు. బరువూ మారదు. కాబట్టి ఎత్తు కొలిచే ఉపగ్రహాలు, గురుత్వం కొలిచేవి మీకు చూపించేది మామూలుకంటే ఎక్కువ పడిందా, తక్కువ పడిందా అన్న తేడాను. ఏడాది మొత్తం రాశిని కాదు. మొత్తం కావాలంటే మైక్రోవేవ్ పటాలు, మేఘాల రాడార్, వాతావరణ మోడళ్ల దారి పట్టాలి, లేదా మోడల్ ఇచ్చిన మామూలు అంకెకు ఉపగ్రహం చూపిన తేడాను కలుపుకోవాలి.

"అంటార్కిటికాలో సగటు అక్యుమ్యులేషన్ ఐస్‌శాట్‌తో" అని శీర్షిక పెట్టుకుని వచ్చేవాళ్లను చూస్తే బాధేస్తుంది. ఐస్‌శాట్ ఎత్తు కొలిచే ఉపగ్రహం. ఏడాది కష్టపడతారు, చివరికి వచ్చేది వేరే ప్రశ్నకు జవాబు.

లేజరా, రాడారా?

మార్పే కావాలి, అదీ ఒక చిన్న ప్రాంతంలో కావాలి అంటే నా ఓటు లేజర్‌కే. ఐస్‌శాట్-2ను నాసా 2018 సెప్టెంబరు 15న పంపింది. ఆకుపచ్చ లేజర్, 532 నానోమీటర్లు, సెకనుకు 10,000 పల్సులు, ఆరు కిరణాలు. కిరణాలు జంటలుగా ఉంటాయి. జంటలోని రెంటికీ మధ్య సుమారు 90 మీటర్లు, జంటకూ జంటకూ సుమారు 3.3 కిలోమీటర్లు. నేలమీద ఒక్కో పల్సు పడే మచ్చ సుమారు 11 మీటర్లు. ఇక్కడివాళ్లకు తేలిగ్గా చెప్పాలంటే ఒక థర్టీ ఫార్టీ సైటంత. అంటార్కిటికా మీద ఒక ఇంటిస్థలమంత చోటు ఎత్తును అంతరిక్షం నుంచి సెంటీమీటర్లలో కొలవడం నాకు ఇప్పటికీ అపురూపంగానే ఉంటుంది. దక్షిణ ధ్రువం దగ్గర 88 డిగ్రీల అక్షాంశం మీద జీపీఎస్ పెట్టుకుని మంచు వాహనాలతో తిరిగి సరిచూశారు. చదునైన నడిభాగంలో తేడా సగటున 3 సెంటీమీటర్లలోపే వచ్చింది.

డేటాను మొదటిసారి స్క్రీన్‌మీద చూసినప్పుడు కంగారు పడొద్దు. ఇసక చల్లినట్టు చుక్కలే చుక్కలు. సూర్యకాంతి నుంచి వచ్చిన ఫోటాన్లూ (కాంతి కణాలు) అందులో ఉంటాయి. కాస్త దగ్గరగా జరిగితే ఆ చుక్కల మధ్య దట్టమైన దారమొకటి కనిపిస్తుంది. అదే మంచు ఉపరితలం. ఆ దారాన్ని మీరే లాగనక్కర్లేదు. ఏటీఎల్06 అనే ఉత్పత్తిలో లెక్కకట్టిన ఎత్తులుంటాయి, ఏటీఎల్11లో అదే దారి మీద మళ్లీమళ్లీ వచ్చిన ఎత్తులు వరసగా ఉంటాయి, ఏటీఎల్15లో మూడు నెలలకోసారి ఎత్తు మార్పు పటాలుగా ఉంటుంది. కొత్తవాళ్లు ఏటీఎల్15తో మొదలుపెట్టి, అనుమానం వచ్చిన చోట ఏటీఎల్06లోకి దిగడం మంచిది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. దట్టమైన మేఘం ఉంటే లేజర్ కిందికి చేరదు. అంటే మంచు కురుస్తున్న రోజునే డేటా ఉండదు. అదే దారికి తిరిగి రావడానికి 91 రోజులు పడుతుంది, కాబట్టి ఒక్క తుఫాను ఎంత మంచు పోసిందో విడిగా పట్టుకోవడం కష్టం. ఇంకోటి, ప్రయోగం తర్వాత తొలి నెలల్లో కిరణాలు అనుకున్న దారికి పక్కగా పడ్డాయి. అందుకే ఏటీఎల్11 వరస మూడో సైకిల్ (ఒక్కో 91 రోజుల చుట్టు ఒక సైకిల్) నుంచి, అంటే 2019 మార్చి చివరి నుంచి మొదలవుతుంది. ఆ ముందు డేటాను అలాగే కలిపేసుకుంటే కొండవాలు తేడాని మంచు తేడా అనుకుంటారు.

ఒక లెక్క చూడండి. తీరానికి దగ్గర్లో ఒకచోట రెండు సందర్శనల మధ్య ఎత్తు 30 సెంటీమీటర్లు పెరిగింది. సాంద్రత 350 అనుకుంటే 105 మిల్లీమీటర్ల నీరు. 450 అనుకుంటే 135. పొరపాటున ఐస్ సాంద్రత 917 వాడితే 275. అదే మంచు, అదే ఎత్తు. పైగా అదే సమయంలో కింది పాత మంచు కొంత అణిగింది కూడా, కాబట్టి నిజంగా పడింది 30 సెంటీమీటర్లకంటే ఎక్కువే. ఖండం మొత్తానికి చూస్తే ఇదేమీ చిన్న సంగతి కాదు. అంటార్కిటికా సుమారు 1.4 కోట్ల చదరపు కిలోమీటర్లు. దానిమీద ఒక్క సెంటీమీటరు తప్పు 140 ఘనపు కిలోమీటర్లు. 350 సాంద్రత వేస్తే 49 గిగాటన్నులు (గిగాటన్ను అంటే వంద కోట్ల టన్నులు), ఐస్ సాంద్రత వేస్తే 128. సుమారు 360 గిగాటన్నులు సముద్రంలో కలిస్తే ప్రపంచమంతటా నీటిమట్టం ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. అందుకే సాంద్రత ఎక్కణ్నుంచి తెచ్చారన్నది మీ రిపోర్టులో ఒక పేరా అయినా ఉండాలి.

నడిభాగంలో పనిచేసేవాళ్లకు ఇంకో హెచ్చరిక. వోస్టాక్ లాంటి చోట్ల ఏడాదికి పేరుకునేది సుమారు 20 మిల్లీమీటర్ల నీరు. మంచుగా చూస్తే ఆరు సెంటీమీటర్లు. మూడు నెలలకు అది ఒకటిన్నర సెంటీమీటరు. కొలత తప్పే అంత ఉంటుంది. అక్కడ ఐస్‌శాట్-2తో ఒక్కో సీజన్ లెక్క కడతానంటే నేను వద్దంటాను. ఎక్కువ మంచు పడే తీర ప్రాంతాలకు అది బంగారం, ఎడారి లాంటి నడిభాగానికి కాదు.

ఇక రాడార్. యూరప్ వాళ్ల క్రయోశాట్-2 2010 ఏప్రిల్ నుంచి పనిచేస్తోంది, 88 డిగ్రీల దాకా వెళుతుంది. మేఘం అడ్డు కాదు. వరస కూడా పొడవైనది. కానీ అది వాడే రాడార్ తరంగం, కేయూ బ్యాండ్ అంటారు, పొడి మంచు పైనే ఆగదు, కొన్ని మీటర్లు లోపలికి దిగుతుంది. తిరిగొచ్చే ప్రతిధ్వని పైపొరదీ లోపలి పొరలదీ కలగలిసి ఉంటుంది. మంచు తీరు మారితే, ఒక్క రేణువు పడకపోయినా ఎత్తు మారినట్టు చూపిస్తుంది.

నా నెలలు పోయింది ఇక్కడే. గ్రీన్‌లాండ్ నడిభాగం మీద రాడార్ ఎత్తుల వరస గీస్తున్నాను. 2012 వేసవిలో గీత ఒక్కసారిగా అర మీటరుకు పైగా లేచింది. పెద్ద హిమపాతం దొరికిందని సంబరపడ్డాను. నేను పని నేర్చుకుంటున్న చోట అడ్డుచెప్పినవాళ్లు లేరు. మూడు నెలలు దానికి కారణమైన తుఫాను కోసం వాతావరణ పటాలు వెతికాను. అలాంటిదేమీ లేదు. జరిగింది దానికి తలకిందులు. 2012 జులైలో గ్రీన్‌లాండ్ ఉపరితలం దాదాపు మొత్తం కరిగింది. ఎప్పుడూ కరగని ఎత్తైన చోట్ల కూడా కరిగి, మళ్లీ గడ్డకట్టి, ఐస్ పొర ఏర్పడింది. అంతకుముందు లోపలికి దిగుతున్న తరంగం ఆ పొరను తాకి అక్కడినుంచే వెనక్కి వచ్చేసింది. మంచు పెరగలేదు, అద్దం పైకి వచ్చింది. ఇదంతా ముందే పరిశోధన పత్రాల్లో ఉంది. నేను చదవలేదు. అందుకే చెబుతున్నాను: రాడార్ వాడితే ప్రతిధ్వని ఆకారాన్ని కూడా చూడండి, ఎత్తు ఒక్కటే చూసి సంతోషపడొద్దు.

మనవాళ్ల సరళ్ ఉపగ్రహం సంగతి ఇక్కడ తప్పక చెప్పాలి. ఇస్రో, ఫ్రాన్స్ సంస్థ క్నెస్ కలిసి చేసింది. 2013 ఫిబ్రవరి 25న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్వీ-సీ20 మీద వెళ్లింది. అందులోని ఆల్టికా రాడార్ కేఏ బ్యాండ్‌లో, 35.75 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. తరంగం పొట్టిది కాబట్టి మంచులోకి కేయూ అంత లోతుకు దిగదు, పైపొరకు దగ్గరగానే ఉంటుంది. ఇది 81.5 డిగ్రీల దాకా వెళుతుంది కాబట్టి అంటార్కిటికాలోని మన పరిశోధన కేంద్రాలు మైత్రి, భారతిల వెనకున్న ఐస్ షీట్ అంతా దాని చూపులోనే ఉంటుంది. 35 రోజులకోసారి అదే దారికి వచ్చిన 2013-2016 కాలపు డేటా చాలా విలువైనది. 2016 జులై నుంచి కక్ష్యను వదులుగా వదిలారు, దారులు మళ్లీ మళ్లీ కలవవు. ఐస్‌శాట్ మొదటిది 2009లో ఆగిపోయి రెండోది 2018లో మొదలైంది. ఆ మధ్య కాలం మీద పనిచేసేవాళ్లు క్రయోశాట్-2ను, సరళ్‌ను పక్కపక్కన పెట్టి చూడాలి. రెండూ ఒకేలా లేచిన చోట నమ్మకం పెరుగుతుంది. కేయూ ఒక్కటే లేస్తే అనుమానించండి.

వాలు ఉన్న చోట రాడార్‌తో ఇంకో ఇబ్బంది. తొలి ప్రతిధ్వని సరిగ్గా కింది నుంచి రాదు, దగ్గరగా ఉన్న ఎగువ వైపు నుంచి వస్తుంది. తీరం దగ్గర ఇది పెద్ద తప్పే. లేజర్‌కు మచ్చ చిన్నది, పక్కనే జంట కిరణం కూడా ఉంది కాబట్టి వాలును విడదీయగలదు.

తూకం వేసేది: గ్రేస్

గ్రేస్ జంట ఉపగ్రహాలు 2002 మార్చిలో వెళ్లి 2017 దాకా పనిచేశాయి. వాటి తర్వాతి గ్రేస్ ఫాలో-ఆన్ 2018 మేలో వెళ్లింది. ఒకదాని వెనక ఒకటి సుమారు 220 కిలోమీటర్ల ఎడంతో తిరుగుతాయి. కింద బరువు పెరిగితే ముందున్నది కాస్త ముందుగా లాగబడుతుంది, ఇద్దరి మధ్య దూరం మారుతుంది. ఆ మార్పు నుంచి నెలనెలా బరువు మార్పు లెక్కిస్తారు. సాంద్రత గొడవ లేదు. ఇది తూచి ఇచ్చే కొట్టు, కొలిచి ఇచ్చేది కాదు.

అయితే ఈ త్రాసు చాలా పెద్దది. సుమారు 300 కిలోమీటర్ల కంటే చిన్నవాటిని విడిగా చూడలేదు. బెంగళూరుకూ చెన్నైకీ గాలిలో దూరం దాదాపు అంత. అంటే ఈ రెండు నగరాల మధ్య ఎక్కడ వాన పడినా "ఈ చుట్టుపక్కల పడింది" అని మాత్రమే చెప్పగల కొలత అది. మైత్రి చుట్టూ 50 కిలోమీటర్లకు గ్రేస్ గ్రాఫ్ గీసిన ప్రాజెక్టులు నేను చూశాను. గీత అందంగానే వస్తుంది. కానీ అది మైత్రిది కాదు, ఆ ప్రాంతమంతటిదీ. ఫైళ్లు చిన్నవి, పీజీ వైఫైలో కూడా నిమిషాల్లో దిగుతాయి, అందుకే అందరూ అటు వెళతారు. ఆ సులువు చూసి మోసపోవద్దు. పైగా బరువు మంచుదా, ఐస్ జారిపోయినందుకు తగ్గినదా, వేల ఏళ్లనాటి ఐస్ భారం దిగిపోయి కింది రాతినేల ఇంకా పైకి లేస్తున్నదా, ఇవి గ్రేస్‌కు విడిగా తెలియవు.

సరైన ప్రశ్నకు మాత్రం దీన్ని మించింది లేదు. 2009లోనూ 2011లోనూ క్వీన్ మాడ్ లాండ్ తీరం మీద, మన మైత్రి ఉన్న వైపే, అసాధారణంగా మంచు కురిసింది. గ్రేస్ లెక్కల్లో ఆ కాలానికి అక్కడ సుమారు 350 గిగాటన్నులు పెరిగినట్టు కనిపించింది. సముద్రమట్టం లెక్కలో అది దాదాపు ఒక మిల్లీమీటరు. ఏ ఎత్తు లెక్కా, ఏ సాంద్రతా అనుకోకుండా ఆ మాట చెప్పగలిగింది గ్రేస్ ఒక్కటే. పెద్ద ప్రాంతం, 2002 నుంచి వరస, నెలల స్థాయి మార్పు కావాలంటే కళ్లు మూసుకుని దీన్నే తీసుకోండి. 2017 మధ్య నుంచి 2018 మధ్య దాకా ఖాళీ ఉంటుందని మాత్రం గుర్తుంచుకోండి.

మంచు తనంతట తాను చెప్పేది

మొత్తం కావాలి, పటం కావాలి, అదీ పొడి నడిభాగానిది అంటే పాసివ్ మైక్రోవేవ్ దారి ఉంది. ప్రతి వస్తువూ వెలువరించే సన్నటి మైక్రోవేవ్‌లను ఏఎంఎస్ఆర్2 లాంటి పరికరాలు పట్టుకుంటాయి. మంచు తక్కువ పడే చోట ఒక్కో పొర ఏళ్ల తరబడి పైనే ఉండిపోతుంది, రేణువులు పెద్దవవుతాయి. ఎక్కువ పడే చోట త్వరగా కప్పబడిపోతుంది. ఆ తేడా, పొరల అమరిక తేడా వెలువడే తరంగం తీరులో, దాని ధ్రువణంలో (తరంగం ఊగే దిశలో) కనిపిస్తుంది. ఏఎంఎస్ఆర్-ఈ పరికరం ఇచ్చిన 4.3 సెంటీమీటర్ల తరంగాల ధ్రువణం ఆధారంగా 2006లో ఆర్థర్న్, వైన్‌బ్రెన్నర్, వాన్ చేసిన అంటార్కిటికా పటాన్ని ఇప్పటికీ పోలికకు వాడతారు.

ఇందులో రెండు షరతులు. ఇది ఏళ్ల సగటు చెబుతుంది, పోయిన ఏడాది ఎంత పడిందో చెప్పదు. రెండోది, ఒకసారి కరిగి గడ్డకట్టిన చోట పనికిరాదు. కాస్త తడి తగిలినా సంకేతం మొత్తం మారిపోతుంది. పైగా దాన్ని నేలమీద తవ్విన గుంటలు, లోతుగా తొలిచి కడ్డీల్లా తీసిన ఐస్ కోర్‌ల అంకెలతోనే సరిచేస్తారు కాబట్టి, మళ్లీ అవే కోర్‌లతో పోల్చి "సరిపోయింది" అనడం ఎవరికీ ఉపయోగపడదు.

రాడార్ తరంగం పంపి వెనక్కి చెదిరి వచ్చేదాన్ని కొలిచే మన స్కాటరోమీటర్లను, ఓషన్‌శాట్-2, స్కాట్‌శాట్-1, ఇప్పుడు ఈఓఎస్-06 మీద ఉన్నవాటిని, నేను మంచు కొలతకు వాడమనను. కరిగిన రోజులు పట్టుకోవడానికి వాడమంటాను. అవి సముద్రపు గాలుల కోసం పంపినవే అయినా, మంచు తడవగానే వాటి సంకేతం ఒక్కసారిగా పడిపోతుంది. గ్రీన్‌లాండ్‌లో నాకు జరిగింది మీకు జరగకుండా కాపలా కాస్తాయి. డేటా ఇస్రో వెబ్‌సైట్ మోస్‌డాక్‌లో ఖాతా తెరిస్తే దొరుకుతుంది.

పడుతుండగా చూసేది

క్లౌడ్‌శాట్ 2006లో వెళ్లింది, 94 గిగాహెర్ట్జ్ రాడార్‌తో మేఘాల్లోంచి పడే మంచును చూసింది. 2006-2011 డేటాతో 82 డిగ్రీల అక్షాంశం దాకా అంటార్కిటికా ఐస్ షీట్ మీద సగటు హిమపాతం ఏడాదికి 171 మిల్లీమీటర్లని తేల్చారు. మోడళ్లతో సంబంధం లేకుండా వచ్చిన అంకె కావడం దాని గొప్పతనం. నేలకు దగ్గర ఉన్న కిలోమీటరు పైచిలుకు ఎత్తులో మాత్రం నేల ప్రతిధ్వని కలిసిపోయి దానికి కనిపించదు, పడ్డాక గాలి ఏం చేసిందో అసలే తెలియదు. 2011 తర్వాత అది పగటిపూట మాత్రమే పనిచేసింది, 2023 డిసెంబరులో ముగిసింది. 2024 మేలో వెళ్లిన ఎర్త్‌కేర్ ఆ పని అందుకుంది, పడే వేగాన్ని కూడా కొలుస్తోంది. హిమపాతమే మీ విషయమైతే ఇటు రండి.

సముద్రం మీద తేలే ఐస్ పైన ఎంత మంచు ఉందో కావాలనుకుంటే ఆ లెక్కే వేరు. లేజర్ మంచు పైభాగాన్ని చూస్తుంది, కేయూ రాడార్ దాదాపు మంచు అడుగున ఐస్‌ను చూస్తుందనుకుని రెంటినీ తీసివేస్తారు. ఆ జంట కొలతల కోసమే 2020లో క్రయోశాట్-2 కక్ష్యను కాస్త పెంచి ఐస్‌శాట్-2తో దారులు కలిసేలా చేశారు. తడి, ఉప్పు ఉన్నచోట రాడార్ అడుగుదాకా వెళ్లదన్నది మరచిపోవద్దు.

నాసా, ఇస్రో కలిసి చేసిన రాడార్ ఉపగ్రహం నిసార్ గురించి అందరూ అడుగుతున్నారు. 2025 జులై 30న శ్రీహరికోట నుంచే వెళ్లింది, పన్నెండు రోజులకోసారి ఎల్ బ్యాండ్‌లోనూ ఎస్ బ్యాండ్‌లోనూ చూస్తుంది. ఐస్ కదలికకు గొప్ప సాధనం. కానీ ఏడాదిలో ముగించాల్సిన ప్రాజెక్టును మంచు లెక్క కోసం దానిమీదే ఆనించొద్దని నా సలహా.

వాడికి చివరికి ఏం చెప్పాను

వాడికి మొదట దక్షిణ గంగోత్రి కథ చెప్పాను. మన దేశం అంటార్కిటికాలో కట్టిన మొదటి కేంద్రం. 1983-84లో ఐస్ షెల్ఫ్ మీద, అంటే తీరం నుంచి సముద్రం మీదికి చాచుకుని తేలే ఐస్ మీద కట్టారు. ఏటా పేరుకున్న మంచు దాన్ని మెల్లగా మింగేసింది. కొన్నేళ్లకే వదిలేయాల్సి వచ్చింది, మైత్రిని రాతినేల మీద కట్టుకున్నారు. ఆ కథ విన్నాక వాడికి అక్కడే, ఆ ఐస్ షెల్ఫ్ మీదే చేయాలనిపించింది. అర్థం చేసుకోగలను. కానీ అది తేలుతున్న ఐస్. 350 సాంద్రత ఉన్న మంచు ఒక మీటరు పడితే ఐస్ 34 సెంటీమీటర్లు నీళ్లలోకి కుంగుతుంది, పైన కనిపించే పెరుగుదల 66 మాత్రమే. పోటుపాట్లకు పైకీ కిందికీ కదులుతుంది కూడా. కొత్తవాడికి మొదటి పనిగా అంత బరువు పెట్టకూడదనిపించింది. షెల్ఫ్‌కు దక్షిణంగా, నేలమీద ఆనిన ఐస్ షీట్ వైపు జరగమన్నాను.

ప్రశ్నను కూడా కుదించుకున్నాం. 2019 నుంచి మైత్రి వెనకున్న వాలు మీద ఏ ఏడాది మామూలుకంటే ఎక్కువ మంచు నిలిచింది, ఎక్కడ తక్కువ నిలిచింది? దీనికి ముఖ్య ఆధారం ఐస్‌శాట్-2. పక్కన ఈఆర్ఏ5 హిమపాతం అంకెలు. ఈఆర్ఏ5 అంటే గడిచిన కాలపు వాతావరణాన్ని కొలతలతో, మోడల్‌తో తిరిగి లెక్కగట్టిన డేటా. దాని గడి సుమారు 31 కిలోమీటర్లు, గాలి ఎత్తుకుపోయింది అందులో సరిగ్గా ఉండదు. రెంటి మధ్య తేడా ఎక్కడ పెద్దదైతే అక్కడ గాలి పనిచేసిందన్న అనుమానానికి ఆధారం దొరుకుతుంది. ఫర్న్ అణగడానికి, సాంద్రతకు ప్రచురితమైన మోడల్ ఒకటి, రెండు వేరువేరు సాంద్రతలతో జవాబు ఎంత మారుతుందో ఒక పట్టిక. గ్రేస్‌ను ఆ తీరమంతటి పెద్ద చిత్రానికి ఒక పేజీలో వాడితే చాలు.

2016కు ముందు కాలం కావాలని గైడ్ పట్టుబడితే సరళ్ తీసుకో, కానీ ఒకే గీతలో లేజర్‌నూ రాడార్‌నూ అతకొద్దు అన్నాను. సరిచూసుకోవడానికి ఆ వైపు తీసిన ఐస్ కోర్‌ల అంకెలు పరిశోధన పత్రాల్లో ఉన్నాయి. కోర్‌లో 1991 పినటూబో విస్ఫోటనం, 1815 టాంబోరా విస్ఫోటనం వదిలిన గంధకపు పొరలే పంచాంగం. రెండు పొరల మధ్య మంచును ఏళ్లతో భాగిస్తే సగటు వస్తుంది. ఉపగ్రహం ఏం చెప్పినా ఆ సగటుకు మూడింతలు వస్తే ముందు మీ కోడ్ వెతకండి.

వాడు నోటు పుస్తకంలో రాసుకుంటూ అడిగాడు: "అన్నా, అయితే మొదటి వారం ఏం చేయాల?"

"నాసా ఎర్త్‌డేటాలో ఖాతా తెరువు, ఉచితమే. ఒక్క దారి, రెండు సైకిళ్లు మాత్రం దించు. అక్కడి వేసవి మూడు నెలలు వదిలెయ్. రెండు ఎత్తులు తీసివెయ్. నీకు వచ్చిన అంకె పక్కన అది ఎత్తా, నీరా రాయి."

మర్నాటి రాత్రి పదకొండుకు మెసేజ్ పెట్టాడు. ఒక ఫోటో, చుక్కల మధ్య సన్నని దారం. కింద రాశాడు: "14 సెం.మీ. అన్నా. ఎత్తు."